ఎనిమిదిన్నరేళ్ళ పాపకి అలైనర్లు: ముందు చూడాల్సింది ఆ తీయించిన పాలపన్ను

మీరు రాసినది ముందు క్లుప్తంగా చెప్పి మొదలుపెడతాను, ఇదే పరిస్థితిలో ఉన్న మిగతా తల్లిదండ్రులకి కూడా అర్థం కావాలి. పాపకి ఎనిమిదిన్నరేళ్ళు, మూడో తరగతి, ఇల్లు విజయవాడ పటమటలో. పైన ముందు పళ్ళు రెండిటి మధ్య సందు ఉంది. వాటి పక్కన కుడివైపు పన్ను లోపలికి వచ్చి, నోరు మూసినప్పుడు కింది పళ్ళ వెనక పడుతోంది. కింద ముందు పళ్ళు నాలుగూ ఇరుకుగా, కాస్త వంకరగా ఉన్నాయి. ఒక క్లినిక్‌లో నోరంతా స్కాన్ చేసి, పళ్ళు వరసలోకి వచ్చే వీడియో చూపించారు. క్లియర్ అలైనర్లు, అంటే పళ్ళ మీద తొడుక్కునే పారదర్శక ప్లాస్టిక్ తొడుగులు, ఇప్పుడే మొదలుపెడితే ఏడాదిన్నరలో అయిపోతుందని, ఆలస్యం చేస్తే పెద్దయ్యాక మంచి పళ్ళు పీకాల్సి వస్తుందని, మొత్తం రూ.1,60,000 అవుతుందని చెప్పారు. మీ అత్తగారు మాత్రం పాలపళ్ళన్నీ ఊడేదాకా నోట్లో చెయ్యి పెట్టొద్దంటున్నారు. అన్నీ రాశాక చివర్లో ఒక్క మాట చేర్చారు: ఐదు నెలల కిందట కింద ఎడమవైపు దవడ పాలపన్ను పుచ్చిపోతే తీయించామని.

నా చూపు ఆగింది ఆ చివరి మాట దగ్గరే. సందు గురించి పది వాక్యాలు రాశారు, తీయించిన పన్ను గురించి ఒక్కటే. ఇరవై రెండేళ్ళుగా విజయవాడలో పళ్ళ వరస సరిచేసే పనిలోనే ఉన్నాను. మీ పాప నోట్లో ఈ నెలలోనే తేల్చాల్సినది ఏదైనా ఉందంటే అది ఆ ఖాళీయే. ఆలస్యం అమృతం విషం అన్నట్టుంది క్లినిక్ మాట, నిదానమే ప్రధానం అన్నట్టుంది మీ అత్తగారి మాట. రెండూ నిజమే. కాకపోతే ఒకే నోట్లో వేరువేరు పళ్ళకి వర్తిస్తాయి. ఏది దేనికో విడదీసి చెబుతాను.

తీయించిన పన్ను సంగతి ముందు. పాలపళ్ళలో అన్నిటికంటే వెనకదానికి ఆనుకుని, ఆరేళ్ళప్పుడు ఒక దవడ పన్ను వస్తుంది. అది పాలపన్ను కాదు, జీవితాంతం ఉండాల్సిన పన్ను. ఏ పన్నూ ఊడకుండానే వెనక నుంచి చడీచప్పుడూ లేకుండా వచ్చేస్తుంది కనుక చాలా ఇళ్ళలో దాన్నీ పాలపన్నే అనుకుంటారు. ఈ ఆరేళ్ళ పన్ను స్వభావం ముందుకి జరగడం. ముందున్న పాలపన్ను దానికి అడ్డుగోడ. గోడ తీసేస్తే పన్ను ఆ ఖాళీలోకి ఒరుగుతుంది, అదీ ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే. మీకు ఐదు నెలలు గడిచిపోయాయి.

ఆ ఖాళీలో రావాల్సిన పెద్ద పన్ను 11, 12 ఏళ్ళకి గానీ రాదు. ఇంకా మూడేళ్ళు. అప్పటికి దారి మూసుకుపోతే అది చిగురు కిందే ఇరుక్కుంటుంది, లేదా నాలుక వైపుకి తిరిగి వస్తుంది. మంచి పన్ను పీకాల్సిన అవసరం చాలాసార్లు ఇక్కడి నుంచే మొదలవుతుంది. క్లినిక్‌వాళ్ళు భయపెట్టింది ఇరుకు పళ్ళ గురించి, కానీ మీ పాప విషయంలో ఆ భయానికి అసలు చోటు ఈ ఖాళీ.

అందుకని ముందుగా తెలుసుకోవాల్సింది, తీసినది నాలుగో పాలపన్నా, ఐదోదా. ముందు పళ్ళ మధ్య గీత నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. పన్ను తీసిన డాక్టర్ చీటీలో రాసే ఉంటుంది. నాలుగోదైతే చోటు తగ్గడం సాధారణంగా తక్కువ, కొంత ఊపిరి పీల్చుకోవచ్చు. ఐదోదైతే ఆగకూడదు. రెండో పని, ఓపీజీ ఎక్స్‌రే. రెండు దవడలూ, బయటికి రాని పళ్ళతో సహా, ఒకే ఫిల్ములో కనపడతాయి. అందులో మూడు సంగతులు చూడాలి: ఖాళీ కింద పెద్ద పన్ను ఉందా లేదా, ఆరేళ్ళ పన్ను ఎంత ఒరిగింది, పైన కోరపళ్ళు ఏ దిక్కుగా దిగుతున్నాయి. పెద్ద పన్ను ఉందా లేదా అని ఎందుకంటున్నానంటే, పుట్టుకతోనే లేకుండా పోయే పళ్ళలో కింది ఐదో పన్ను ముందు వరసలో ఉంటుంది. జ్ఞానదంతాల తర్వాత ఎక్కువగా లోపించేవాటిలో అదొకటి, పైన మధ్య పళ్ళు రెండిటికి పక్కనుండే పళ్ళు ఇంకొకటి. ఆ పన్ను అసలు లేదంటే ఆలోచన మొత్తం మారిపోతుంది. మీకు చూపించిన స్కాన్‌లో చిగురు కింద ఏముందో కనపడదు. స్కాన్ తీశారని రాశారు గానీ ఎక్స్‌రే తీశారని ఎక్కడా రాయలేదు. తీయకుండానే ప్లాన్ వేసి ఉంటే, ఆ ప్లాన్‌కి పునాది లేదని మొహమాటం లేకుండా చెబుతాను.

చోటు ఇంకా మిగిలి ఉంటే చేయాల్సిన పని చిన్నది. రెండు పక్కలా ఉన్న ఆరేళ్ళ పళ్ళకి సన్నని స్టీలు పట్టీలు తొడిగి, వాటిని కలుపుతూ కింది ముందు పళ్ళ వెనకగా, నాలుక వైపు ఒక తీగ నడుపుతాం. దీన్ని లింగ్వల్ ఆర్చ్ అంటాం. బయటికి కనపడదు, పాప తీయలేదు, పారేసుకోలేదు. ఒక్క పక్కనే పెట్టే బ్యాండ్ అండ్ లూప్ కూడా ఉంది. కానీ దాని ఉంగరం ఆనుకునే నాలుగో పాలపన్నే పదేళ్ళకి ఊడిపోతుంది, ఆపైన రెండేళ్ళు అది దేనికి ఆనుకోవాలి? అందుకే ఐదో పన్ను పోయినప్పుడు, కింది ముందు పళ్ళు నాలుగూ వచ్చేసి ఉంటే, నేను లింగ్వల్ ఆర్చే వేస్తాను. ఇప్పటికే కొంత చోటు పోయి ఉంటే, ఆరేళ్ళ పన్నుని ముందు కొద్ది నెలలు వెనక్కి నెట్టి తర్వాత తీగ పెట్టాలి. అలైనర్‌లోనూ ఆ ఖాళీని కాపాడేలా చేయొచ్చు, కాదనను. అయితే అది నోట్లో ఉన్నంతసేపే కాపాడుతుంది.

ఈ తీగతో మీ రెండో దిగులు, కింది పళ్ళ ఇరుకు, సగం తీరుతుంది. ఎలాగంటే, కింద పాల కోరపన్ను, దాని వెనక రెండు దవడ పాలపళ్ళు కలిపి ఎంత వెడల్పు ఉంటాయో, వాటి స్థానంలో వచ్చే మూడు పెద్ద పళ్ళు అంతకంటే తక్కువ వెడల్పు ఉంటాయి. కింది దవడలో ఈ తేడా సగటున ఒక్కో పక్క 1.7 మిల్లీమీటర్లు, పై దవడలో 0.9. అంటే కింద రెండు పక్కలా కలిపి మూడు మిల్లీమీటర్లకి పైగా చోటు ప్రకృతి దాచి ఉంచుతుంది. మామూలుగా పాలపన్ను ఊడగానే ఆరేళ్ళ పళ్ళు ముందుకి జరిగి ఆ చోటుని తినేస్తాయి. తీగ ఉంటే జరగలేవు, ఆ చోటు ముందున్న ఇరుకు పళ్ళకి దక్కుతుంది. ఎనిమిదేళ్ళప్పుడు కింది ముందు పళ్ళు ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల మేర ఇరుకుగా ఉండటం జబ్బేమీ కాదు, చాలామంది పిల్లల్లో ఆ వయసు అలాగే ఉంటుంది. మూడు, నాలుగు మిల్లీమీటర్ల ఇరుకు కూడా చోటు కాపాడితేనే చాలావరకు సర్దుకోవడం చూశాను. ఇరుకు ఆరేడు మిల్లీమీటర్లు దాటితే కథ వేరు. అందుకే కొలవాలి. మీకు ఎవరూ మిల్లీమీటర్లలో చెప్పలేదంటే అడగండి.

ఇక పైన సందు. మీరు ఎక్కువ బాధపడుతున్నది దీని గురించే. దీనికి మాత్రం మీ అత్తగారి మాటే వినండి. పై కోరపళ్ళు 11, 12 ఏళ్ళకి దిగుతాయి. దిగే ముందు మూడు, నాలుగేళ్ళు ఎముకలోనే ముందు పళ్ళ వేళ్ళ పక్కగా ఉండి వాటిని నొక్కుతాయి. వేళ్ళు లోపలికి, తలలు బయటికి, విసనకర్ర విచ్చుకున్నట్టు అవుతాయి. అందుకే సందు. 1937లో బ్రాడ్‌బెంట్ అనే అమెరికా దంతవైద్యుడు దీనికి అగ్లీ డక్లింగ్, అంటే అందవికారపు బాతుపిల్ల దశ అని పేరు పెట్టారు. కోరపళ్ళు దిగాక ఒత్తిడి కిందికి మారి, రెండు మిల్లీమీటర్ల లోపు సందులు చాలావరకు వాటంతట అవే మూసుకుంటాయి. అంతకంటే పెద్ద సందైతే, లేక పై పెదవి నుంచి వచ్చే కండ పళ్ళ మధ్యకి లావుగా దిగి ఉంటే, లేక ఎక్స్‌రేలో రెండు పళ్ళ మధ్య అదనపు పన్ను దాగి ఉంటే, అప్పుడు మనం కల్పించుకోవాలి. అవేవీ లేకపోతే వదిలేయండి. ఫొటోల్లో పాప నోరు మూసుకుంటోందని రాశారు. ఇంట్లో ఎవరూ ఆ సందు గురించి ఆమె ముందు మాట్లాడకండి, అది ఎక్కువ పని చేస్తుంది.

వదిలేయమనడం ఊరికే కాదు. కోరపన్ను పక్క పన్ను వేరుకి దగ్గరగా ఉన్న సమయంలో, అందం కోసం ఆ పక్క పన్నుని నిటారుగా నిలబెట్టాలని వేరుని కోరపన్ను దిక్కుకి నెడితే, వేరు కరిగిపోయే ప్రమాదం ఉంది. పైగా ముందు పళ్ళ వేళ్ళు, పన్ను బయటికి వచ్చాక పూర్తిగా తయారవడానికి మరో మూడేళ్ళు తీసుకుంటాయి. మీ పాప పక్క పన్ను వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. స్క్రీన్ మీద వీడియోలో పళ్ళన్నీ ముత్యాల్లా వరస కట్టాయి కదా, అందులో ఇంకా రాని కోరపళ్ళు కంప్యూటర్ సగటు కొలతలతో వేసిన బొమ్మలు. మీ పాప కోరపళ్ళు ఎక్కడున్నాయో ఆ బొమ్మకి తెలియదు.

అయితే ఆ లోపలికి పడ్డ పక్క పన్ను మాత్రం ఆగే విషయం కాదు. ఇక్కడ క్లినిక్‌వాళ్ళు చెప్పింది సబబే. పై పన్ను కింది పళ్ళ వెనక పడటాన్ని క్రాస్‌బైట్ అంటాం. నమిలిన ప్రతిసారీ పై పన్ను కింది పన్నుని బయటికి తోస్తుంది. పైపూత అరుగుతుంది, కింది పన్ను ముందున్న చిగురు కిందికి దిగిపోతుంది. ఒక చిన్న పరీక్ష ఇంట్లోనే చేయండి. పాపని కూర్చోబెట్టి, నాలుక కొస అంగిలికి ఆనించి, మెల్లిగా పళ్ళు కలపమనండి. మొదటి పళ్ళు తగిలాక దవడ ముందుకో పక్కకో జారి అప్పుడు గానీ పూర్తిగా మూసుకోకపోతే, ఆ జారుడు గురించి డాక్టర్‌కి తప్పక చెప్పండి. ఎదిగే వయసులో దవడ ఏళ్ళ తరబడి పక్కకి జారుతూ ఉంటే ఎదుగుదల కూడా ఆ వంకకే అలవాటు పడుతుంది.

దీన్ని సరిచేయడానికి మూడు దార్లున్నాయి. తీసి పెట్టుకునే ప్లేటుకి చిన్న స్ప్రింగు పెట్టి పన్నుని ముందుకి తోయడం ఒకటి. ముందు పళ్ళు నాలుగిటికి, వెనక ఆరేళ్ళ పళ్ళు రెండిటికి క్లిప్పులు వేసి కొన్నాళ్ళు ఉంచడం ఇంకొకటి, దీన్ని టూ బై ఫోర్ అంటాం. మూడోది అలైనర్లు. ఎక్స్‌రే బాగుండి, పన్నుకి చోటు ఉంటే ఏ దారైనా కొద్ది నెలల పనే. పన్ను ఒకసారి కింది పళ్ళ ముందుకి వచ్చి, వాటి మీదుగా సరిపడా దిగిందంటే కింది పళ్ళే దాన్ని వెనక్కి పోనివ్వవు. ఈ ఒక్క పనికీ ఏడాదిన్నర ప్యాకేజీ అక్కర్లేదు. క్రాస్‌బైట్ సరిచేసి ఆపేస్తే ఎంత అని అడిగి చూడండి.

ఇప్పుడు అలైనర్ల గురించి. వాటి మీద నాకు కోపమేమీ లేదు, నేనూ వాడతాను. అలైన్ టెక్నాలజీ కంపెనీ 1997లో పుట్టింది. వాళ్ళ ఇన్విజలైన్‌కి 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది, అప్పట్లో పెద్దవాళ్ళ కోసమే. పాలపళ్ళూ పెద్ద పళ్ళూ కలిసి ఉండే వయసు కోసం ఇన్విజలైన్ ఫస్ట్ అని విడిగా తెచ్చింది 2018లో. ఇప్పుడు మన దేశంలోనూ అలైనర్లు చేసే కంపెనీలు చాలా ఉన్నాయి. ఏ కంపెనీదైనా సూత్రం ఒకటే. పారదర్శక ప్లాస్టిక్ తొడుగులు, ఒక్కోటి పన్నుని సుమారు పావు మిల్లీమీటరు జరిపేలా చేసి ఉంటాయి. వారానికో, పది రోజులకో, రెండు వారాలకో మార్చుకుంటూ పోవాలి. పళ్ళ మీద పన్ను రంగు సిమెంటుతో చిన్న బొడిపెలు పెడతాం, తొడుగుకి పట్టు దొరకడానికి.

పిల్లల నోట్లో ఇబ్బంది మొదలయ్యేది ఆ పట్టు దగ్గరే. ఎనిమిదేళ్ళ పిల్లల పళ్ళు పొట్టిగా ఉంటాయి. పాల దవడ పళ్ళు మరీ పొట్టివి, గుండ్రనివి. సగం బయటికి వచ్చిన పెద్ద పళ్ళు రోజూ కాస్త కాస్త పెరుగుతూనే ఉంటాయి. నాలుగేళ్ళ కిందట గుంటూరు నుంచి తొమ్మిదేళ్ళ బాబుని తీసుకొచ్చారు, వాళ్ళ నాన్నగారు మిర్చి యార్డులో వ్యాపారి. పైన స్వల్పంగా ఇరుకు, ఒక పన్ను క్రాస్‌బైట్. బాబు బుద్ధిమంతుడు, పెట్టమన్నన్ని గంటలు పెట్టుకున్నాడు. నాలుగో నెలలో రెండు వారాల తేడాతో రెండు పాల కోరపళ్ళు ఊడిపోయాయి. వాటి మీదే నేను బొడిపెలు పెట్టి ఉన్నాను. తొడుగు వదులైపోయింది. మళ్ళీ స్కాన్, మళ్ళీ కొత్త తొడుగులు, అవి వచ్చేసరికి నెలకి పైగా. ఈలోగా దవడ పాలపన్ను కదలడం మొదలైంది, మళ్ళీ స్కాన్. ఆ తండ్రి సీజన్ రోజుల్లో యార్డు పని వదులుకుని ఎన్నిసార్లు విజయవాడ వచ్చారో నాకు గుర్తుంది. చివరికి పని అయింది. కానీ క్లిప్పులతో ఐదారు నెలల్లో తేలిపోవాల్సిన దాన్ని పద్నాలుగు నెలలు లాగాను. ఓపీజీలో ఆ కోరపళ్ళ వేళ్ళు అప్పటికే మూడొంతులు కరిగి ఉన్నాయి. నేను చూసి ఉండాల్సింది. అప్పటి నుంచి ఏ పాలపన్ను ఎన్నాళ్ళు ఉంటుందో ఎక్స్‌రేలో చూసి రాసుకోకుండా పిల్లలకి అలైనర్లు మొదలుపెట్టలేదు.

మేలు కూడా చెప్పాలి. తీసి బ్రష్ చేసుకోవచ్చు కనుక, క్లిప్పుల చుట్టూ పాచి పేరుకుని వచ్చే తెల్ల మచ్చలు అలైనర్లతో తక్కువ. తీగ గుచ్చుకోవడం, క్లిప్పు ఊడిపోవడం ఉండవు. తొడుగు మందం వల్ల పై, కింది పళ్ళు కాస్త ఎడంగా ఉంటాయి, క్రాస్‌బైట్‌లో ఉన్న పన్ను దాటి రావడానికి అది సాయం. పాలపళ్ళు ఊడే గడియ ఇంకా దూరంగా ఉండి, పిల్లలు మాట వినేవాళ్ళై, తల్లిదండ్రులు దగ్గరుండి చూడగలిగితే మంచి పనిముట్టే.

మాట వినడం అంటే ఏమిటో లెక్కేసి చూడండి. రోజుకి 20 నుంచి 22 గంటలు నోట్లో ఉండాలి. అంటే తీసి ఉంచే సమయం రెండు గంటలు, మహా అయితే నాలుగు. ఉదయం టిఫిను, బళ్ళో చిన్న బ్రేకు, మధ్యాహ్నం క్యారేజీ, సాయంత్రం బజ్జీలో జంతికలో, రాత్రి అన్నం. ఐదుసార్లు తీయాలి, ఐదుసార్లూ పుక్కిలించి పెట్టుకోవాలి. పెద్దవాళ్ళకే ఇది గగనం. మన పిల్లలు పారేసుకునే తీరు కూడా ఒకటే: క్యారేజీ తినే ముందు తీసి టిష్యూలో చుట్టి మూత మీద పెడతారు, మిగిలిన అన్నంతో పాటు డబ్బాలోకి వెళ్ళిపోతుంది. పెట్టుకుని ఉండగా మంచినీళ్ళు తప్ప ఏమీ తాగకూడదు. పంచదార వేసిన పాలు, చెరుకు రసం, ఎండాకాలం సుగంధి సోడా తాగితే ఆ తీపి తొడుగులో నిలిచి పంటిని నానబెడుతుంది. ఇప్పటికే ఒక పన్ను పుచ్చి పోగొట్టుకున్న పాపకి ఇది చిన్న విషయం కాదు. పసుపు వేసిన కూర తింటే ఒక్క పూటలో తొడుగు పచ్చబడుతుంది. వేడినీళ్ళతో కడిగితే, మే నెలలో బెజవాడ ఎండకి కారులో వదిలేస్తే రూపం మారిపోతుంది. ఇంకో సంగతి, ఆరో తరగతిలో హాస్టల్లో వేసే ఆలోచన ఉందని రాశారు. అలైనర్ల పని మధ్యలో ఉండగా హాస్టల్‌కి పంపితే అది ముందుకి సాగదు. నా దగ్గరికి అలా వచ్చిన పిల్లలు దసరా సెలవులకి ఇంటికి వచ్చేసరికి జూన్‌లో ఇచ్చిన తొడుగులు కవర్లలో అలాగే ఉండేవి.

ఇప్పుడు మొదలుపెడితే పెద్దయ్యాక పళ్ళు పీకక్కర్లేదన్న మాట గురించి. ఎనిమిదిన్నరేళ్ళకి ఆ హామీ ఎవరూ ఇవ్వలేరు, నేనూ ఇవ్వలేను. అలైనర్లతో దవడ వెడల్పు చేస్తామంటే, అవి ఎక్కువగా చేసేది పళ్ళని బయటికి వంచడమే. అంగిలి మధ్యలో ఎముక అతుకు ఉంటుంది, ఈడు రాకముందు అది గట్టిపడి ఉండదు. ఆ అతుకుని విడదీసి నిజంగా పై దవడనే వెడల్పు చేయాలంటే పళ్ళకి సిమెంటుతో అతికించే ఎక్స్‌పాండర్ కావాలి, మధ్యలో మర ఉంటుంది, ఇంట్లో అమ్మానాన్నలు రోజూ తాళంతో తిప్పుతారు. అది దవడ ఇరుకుగా ఉండి వెనక పళ్ళు క్రాస్‌బైట్‌లో ఉన్న పిల్లలకి. మీ వర్ణనలో అలాంటిది కనపడలేదు. కింది దవడలో అలాంటి అతుకు లేనే లేదు, అక్కడ చోటు కాపాడుకోవడమే పెద్ద ఆస్తి. ఇప్పుడు అలైనర్లు వేసినా 12, 13 ఏళ్ళకి, పెద్ద పళ్ళన్నీ వచ్చాక, మళ్ళీ ఒకసారి క్లిప్పులో అలైనర్లో వేయాల్సి రావచ్చు. ఏడాదిన్నరలో అయిపోతుందన్నది మొదటి విడత మాత్రమే. రెండో విడత ఖర్చు ఈ రూ.1,60,000లో ఉందా అని కాగితం మీద రాయించుకోండి.

మీ ప్రశ్న కింద ఎత్తు పళ్ళ గురించి మరో తండ్రి అడిగారు, ఆయనకీ ఒక ముక్క. ఎత్తు పళ్ళకి ఎనిమిదేళ్ళకే మొదలుపెట్టి రెండు విడతల్లో చేసినా, పన్నెండు దాటాక ఒకే విడతలో చేసినా, చివరికి పళ్ళ వరసలో పెద్ద తేడా ఉండదని అమెరికాలోని నార్త్ కరొలినా, ఫ్లోరిడాల్లోనూ, బ్రిటన్‌లోనూ జరిగిన పరిశోధనల్లో తేలింది. ముందే చేస్తే ఒక లాభం మాత్రం ఉంది, పడినప్పుడు ముందు పన్ను విరిగే ప్రమాదం తగ్గుతుంది. బాబు ఆటల్లో బాగా పడుతుంటే, పై పళ్ళు కింది పళ్ళకంటే ఆరు మిల్లీమీటర్ల పైన ముందుకి ఉంటే, ఆ కారణంతో ముందే చేయడం న్యాయం. కింది దవడే ముందుకి ఉండి పై దవడ వెనకబడిన పిల్లలు మాత్రం ఆగకూడదు, ఎనిమిది, తొమ్మిదేళ్ళ లోపు చూపించాలి. ఇంకా వేలు నోట్లో పెట్టుకునేవాళ్ళు, రాత్రిళ్ళు నోరు తెరిచి గురక పెట్టేవాళ్ళు ఉంటే ముందు ఆ అలవాటు, ఆ ముక్కు సంగతి చూడాలి. గురకకి చెవి, ముక్కు, గొంతు డాక్టర్ దగ్గరికి వెళ్ళాకే నా దగ్గరికి రమ్మంటాను.

మళ్ళీ మీ దగ్గరికి. రెండో అభిప్రాయం తీసుకోండి. బోర్డు మీద డాక్టర్ పేరు పక్కన ఎం.డి.ఎస్., ఆర్థోడాంటిక్స్ అని ఉందో లేదో చూడండి. బి.డి.ఎస్. తర్వాత మూడేళ్ళు ఇదే చదివినవాళ్ళు. చిన్నపిల్లల పళ్ళ నిపుణులు, అంటే పీడోడాంటిస్టులు, లింగ్వల్ ఆర్చ్ చక్కగా వేస్తారు. ఖర్చు భారం అనిపిస్తే విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీలో చూపించండి. గుంటూరు వైపు మీ చెల్లెలు ఉన్నారన్నారు కదా, తక్కెళ్ళపాడులో సిబార్ డెంటల్ కాలేజీ ఉంది. కాలేజీల్లో పీజీ డాక్టర్లు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు, టైము పడుతుంది గానీ కొలతలు శ్రద్ధగా తీస్తారు. ఆన్‌లైన్‌లో కిట్టు తెప్పించుకుని ఇంట్లోనే అచ్చు తీసుకునే పద్ధతి పిల్లలకి అసలు వద్దు. అమెరికాలో అలా ఇళ్ళకే అలైనర్లు పంపిన స్మైల్ డైరెక్ట్ క్లబ్ 2023 డిసెంబరులో మూతపడితే, వైద్యం మధ్యలో ఉన్నవాళ్ళు ఎటూ కాకుండా మిగిలిపోయారు.

మీ అత్తగారికి ఒక మాట నా తరఫున చెప్పండి. పాలపన్ను ఊడితే పేడలో చుట్టి ఇంటి మీదకి విసిరిన తరం మాది కూడా. పాలపన్ను తన గడియకి ఊడితే ఆవిడ మాటే సరైనది. గడువుకి మూడేళ్ళ ముందే పుచ్చి పోయిన పన్ను మాత్రం తన చోటుని ఎవరో ఒకరు కాపలా కాయాలని అడుగుతుంది.

కాబట్టి ఈ వారంలో ఓపీజీ తీయించండి. తీసిన పన్ను ఐదోదైతే, కింద పెద్ద పన్ను ఉంటే, చోటు కాపాడే తీగ ముందు వేయించండి. క్రాస్‌బైట్ పన్నుకి ఏ దారి అన్నది ఎక్స్‌రే చూశాక తేల్చుకోవచ్చు, ఒకటి రెండు నెలలు అటూ ఇటూ అయినా పరవాలేదు. పై సందు జోలికి ఇప్పుడు వెళ్ళొద్దు. మిగిలిన పాల దవడ పళ్ళలో గుంటలు ఉంటే పూడ్పించండి, ఇంకొకటి పోకూడదు. పాపకి పదేళ్ళు రాగానే పై చిగురు మీద, పాల కోరపన్ను వేరు పైభాగాన, వేలితో తడిమి కోరపన్ను ఉబ్బు తగులుతోందో లేదో డాక్టర్ చేత చూపించండి. ఒక పక్క తగిలి రెండో పక్క తగలకపోతే ఆలస్యం చేయకూడదు. సమయానికి పాల కోరపన్ను తీస్తేనే దారి తప్పిన పెద్ద కోరపన్ను చాలాసార్లు దారిలోకి వస్తుంది. ఓపీజీ వచ్చాక ఖాళీ ఎన్ని మిల్లీమీటర్లు మిగిలిందో, రెండో పక్క అదే పన్ను వెడల్పు ఎంతో, రెండు అంకెలూ రాయండి. చూసి చెబుతాను.